మూడు డాలర్ల లోపు

నౌపడ జంక్షన్‌లో బోర్డు మీద ‘వైన్స్’ అని ఉంటుంది.
లోపల వైను ఉండదు.
ఒకసారి అడిగాను.
కౌంటర్ కుర్రాడు ఎగాదిగా చూసి
“కేకుల్లో ఏస్తారే, అదా బాబాయ్?” అన్నాడు.

ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో
ఉల్లిపాయలు తరిగాను, డేగిసాలు తోమాను.
రేవు దిగితే నాకు దక్కేది నాలుగు గంటలు,
జేబులో మిగిలేది మూడు డాలర్లు.
దుకాణంలో కళ్లెత్తి చూసిన పాపాన పోలేదు.
చవక సీసాలు ఎక్కడైనా మోకాలి ఎత్తులోనే పెడతారు,
వంగినవాడికే కనబడతాయి.

వాల్పరైజోలో కొన్నది నల్లటి ఎరుపు.
బిరడా లేదు, మూత తిప్పితే వచ్చేసింది.
మొదటి గుక్కకి మా బడి వెనక నేరేడు చెట్టు,
చొక్కా మీద మరక, అమ్మ చేతి దెబ్బ,
అన్నీ వరసగా.
రెండో గుక్కకి చిలీ దేశం వచ్చి ఉంటుంది,
నాకు తెలీదు,
నేనక్కడ చూసినవి క్రేన్లే.

కేప్‌టౌన్ తెల్లదానికి
పలాస తోటల్లో ఏప్రిల్ వాసన.
పిక్క తీసుకుని విసిరేసిన జీడిపళ్లు
ఎండకి పులిసి,
ఈగలు దారి తప్పి తిరిగే వాసన.
మావైపు దానికి ఎవరూ పైసా ఇవ్వరు.
నేనిచ్చాను. రెండు డాలర్ల అరవై సెంట్లు.

కాన్‌స్టాంటాలో ఒక ముసలామె
నీళ్ల సీసాలో పోసి ఇచ్చింది.
లేబుల్ లేదు, ఏడాది లేదు.
తియ్యగా మొదలై మధ్యలో మనసు మార్చుకుంది.
ఆ రాత్రి పోలమ్మకి నాలుగు పేజీలు రాశాను.
పొద్దున్నే చదువుకుని చింపేశాను.

లిస్బన్‌లో ఒకటి, సన్నటి నురగ.
తెల్లారకముందు ఉప్పుమళ్ల గట్టు మీద
వట్టి కాళ్లతో నడిచినట్టు.
అంతే రాసుకున్నాను, పక్కన ధర కూడా వేయలేదు.

బతూమీలో నారింజ రంగుది.
కుండలో పోసి భూమిలో పాతిపెడతారట.
నాలుక అంచులు పట్టుకుని లాగింది.
ఆ లాగడం ఏమిటో
మా ఫిలిప్పీన్స్ వంటవాడు రొడెల్
పది నిమిషాలు చేతులు తిప్పి తిప్పి చెప్పాడు.
వగరు, అన్నాను.
“అంతేనా?”
అంతేరా.
పచ్చి అరటికాయ కోసిన వేళ్లకీ,
జీడిపండు కొరికిన గొంతుకీ,
కరక్కాయ బుగ్గన పెట్టుకుని
రాత్రంతా దగ్గిన మా తాతకీ
అదొక్కటే మాట, ఎప్పట్నించో సరిపోతోంది.

ఆఖరి ఓడ దిగినప్పుడు
సెతూబల్ నుంచి ఒక సీసా తెచ్చాను,
లుంగీల మధ్య చుట్టి, పసిపిల్లలా.
బైరాగి తాడిచెట్టు దిగి,
మోకు భుజాన ఉండగానే
స్టీలు గ్లాసులో రుచి చూశాడు.
ఉమ్మలేదు. అది వాడి మర్యాద.
“ఏటిరా దానయ్యా,
ఇది మొన్నటి కల్లే,
ఇస్త్రీ సొక్కా తొడుక్కుంది, అంతే” అన్నాడు.

మిగిలిన ముప్పావు సీసా అటకెక్కింది.
రేకుల కింద ఒక వేసవి మొత్తం ఉడికింది.
వానలు పడ్డాక మూత తీస్తే
కళ్లు మండాయి.
పారబోద్దామని పెరట్లోకి నడిచాను.
పోలమ్మ చేతిలోంచి లాక్కుంది,
వాసన చూసింది, ఏమీ అనలేదు.
ఆ వారం చింతపండు రేటు వాడక్కర్లేదు,
ఇంట్లో కోనెం ముక్కలున్నాయి,
పొయ్యి వెలుగుతోంది.

నా పుస్తకంలో చివరి పేజీ ఇలా ఉంటుంది:
పోర్చుగల్. ఎరుపు. రెండు యూరోల తొంభై.
రంగు: పులుసులో కలిసిపోయింది.
వాసన: పక్కింటివాళ్లు అడిగారు.
రుచి:
ఆ గడి ఖాళీ.
అప్పటికి రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాను,
చేతి నిండా పులుసు,
పెన్ను ఎక్కడుందో ఎవరికి గుర్తు.